వేలికి తగలని అతుకు

ఆ ఉత్తరం పైఅంచున చిన్న చిల్లు ఉంది. మేకు చిల్లు. చుట్టూ తుప్పు మరక. ఎవరో ఎప్పుడో ఆ కాగితాన్ని తలుపుకో గోడకో కొట్టి ఉంచారు. మార్సలీ రే ఇప్పుడు ఆ చిల్లు పూడ్చే పనిలో ఉంది.

పొద్దున్నే కాచి వడగట్టుకున్న గోధుమపిండి జిగురు చిన్న గిన్నెలో చల్లారి ఉంది. నిన్నటి జిగురును ఆమె ముట్టదు. పలచటి జపాన్ కాగితం మీద తడి కుంచెతో చిల్లు ఆకారం గీసి, ఆ గీత వెంట చేత్తో చింపింది. కత్తెర పెడితే అంచు గట్టిగా నిలబడుతుంది. చింపితే అంచున పీచు మిగులుతుంది, ఆ పీచు వెళ్లి పాత కాగితంలో కలిసిపోతుంది. ముక్కని పట్టకారుతో చిల్లు మీద ఆనించి, కుంచె కొసతో జిగురు అద్ది, పైన అద్దుడు కాగితం వేసి ఎముక బద్దతో మెల్లగా రుద్దింది. దాని మీద సీసం దిమ్మ పెట్టి, టీ తాగి వచ్చింది. ఆరాక దిమ్మ తీసి, కళ్లు మూసుకుని, ఆ చోట చూపుడువేలు నడిపింది.

ఏమీ తగల్లేదు.

ఆమెకు పని నేర్పినవాడు బాక్‌స్టర్ అని ఒక ముసలాయన. చండశాసనుడు. "కంటికి కనపడితే కనపడనియ్యి అమ్మాయ్, దొంగతనం కాదుగా. వేలికి మాత్రం తగలకూడదు. వేలికి తగిలిందంటే అది అతుకు కాదు, మాసిక," అనేవాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. అయినా అతుకు వేసిన ప్రతిసారీ మార్సలీ కళ్లు మూసుకుంటుంది, ఆయన వెనకే నిలబడి చూస్తున్నట్టు ఒళ్లు దగ్గర పెట్టుకుంటుంది.

ఎడిన్‌బరోలోని ఆ రాతప్రతుల భాండాగారంలో పై అంతస్తు గది ఆమెది. ఉత్తరపు దిక్కున కిటికీ, కిటికీ కింద బల్ల, బల్ల మీద కిందటి శీతాకాలం నుంచీ ఐవర్ మెకాస్కిల్ ఉత్తరాలు. ఐవర్ స్కై దీవి మనిషి. ఓడల్లో పనిచేశాడు, ఓడతోనే మునిగిపోయాడు. పాటలు కట్టేవాడు. దీవిలో పెళ్లయినా, చేపల పడవ ఒడ్డుకొచ్చినా ఇప్పటికీ అతని పాటలే పాడతారు. ఆ పాటల మనిషి ఇంటికి రాసిన ఉత్తరాలు అరవై ఏళ్ల పాటు పొయ్యి పైన గూట్లో, ఒక రేకు డబ్బాలో ఉన్నాయి. ఉప్పు చెమ్మ, పొయ్యిలో కాల్చే పీట్ మట్టిగడ్డల పొగ కలిసి సిరాని తినేశాయి. వెలిసిన సిరాని పట్టిచ్చే నీలిదీపం కింద పెట్టి చూసినా ఇక్కడొక మాట, అక్కడొక మాట. అంతకుమించి చదవడానికి ఏమీ మిగల్లేదు.

కాగితమైనా మిగిలిందంటే అది మార్సలీ చలవే. వచ్చినప్పుడు అవి ఎండుటాకుల్లా ఉన్నాయి, ముట్టుకుంటే పొడి రాలేది. ఎన్నో సార్లు మడిచి, విప్పి, మళ్లీ మడిచిన మడతల దగ్గర కాగితం తెగిపోయింది. ఒక్కొక్కదాన్ని మెత్తటి కుంచెతో దులిపి, గోరువెచ్చని నీళ్లలో పరిచి, పొగ రంగు వదిలేదాకా నీళ్లు మార్చి, జిలటిన్ పూత పూసి, అద్దుడు కాగితాల మధ్య సాపు చేసింది. తెగిన ప్రతి మడతా అతికింది. ఇది ఆఖరిది.

తలుపు తట్టకుండానే లోపలికొచ్చాడు గ్రీర్. భాండాగారం అధిపతి. మంచివాడే, కాకపోతే తను చెప్పాల్సింది చెప్పేదాకా ఎదుటివాళ్ల చేతుల్లో ఏముందో చూడడు.

"మార్సలీ, ఫోనొచ్చింది. గురువారం వస్తోందట ఆవిడ!"

"ఎవరండీ?"

"ఎఫీ మెకాస్కిల్. ఐవర్ చెల్లెలు. ఎనభై దాటాయి, చలికాలమంతా మంచం మీదే ఉంది, అయినా ఓడెక్కి రైలెక్కి వస్తానంటోంది. మేనకోడలు మొత్తుకున్నా వినలేదట." దగ్గరికొచ్చి కుర్చీ లాక్కున్నాడు. "డబ్బా నా చేతిలో పెట్టేటప్పుడు ఆవిడ అడిగింది ఒక్కటే. 'నేనొచ్చి ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని అందులో ఏముందో చెప్తాను' అని. అక్షరం అక్షరం కంఠస్థం ఆవిడకి. మనం టేపు మీద ఎక్కించుకోవడమే. ఆవిడ కన్నుమూస్తే ఆ మాటలు ఇంకెవరికీ తెలియవు మార్సలీ. మన దగ్గర తెల్లకాగితాలు ఉంటాయి, అంతే."

"గురువారానికి అన్నీ సిద్ధంగా ఉంటాయండీ."

గ్రీర్ బల్ల మీద ఉత్తరాల దొంతర చూసి ఈల వేశాడు. "ఇస్త్రీ చొక్కాల్లా ఉన్నాయే! చూస్తే మురిసిపోతుంది ముసలమ్మ."

మార్సలీ నవ్వి ఊరుకుంది గానీ లోపల పొంగిపోయింది. ఇన్నేళ్ల పనిలో ఆమె బాగు చేసిన ఉత్తరాల తాలూకు మనుషులు ఎప్పుడూ రాలేదు. చచ్చిపోయి ఉంటారు, లేకపోతే లాయర్ల చేత సంతకాలు పెట్టించి పంపుతారు. ఇంటి మనిషి వచ్చి, చెడిపోయి మళ్లీ బాగుపడిన తన కాగితాన్ని చూసుకోవడం ఇదే మొదలు. ఆవిడ చేతికి ఒక్కొక్కటీ తనే అందించాలని మార్సలీ అనుకుంది. గ్రీర్‌ని అడిగి ఒప్పించుకుంది కూడా.

*

గురువారం వాన. చదువుగది గుమ్మం దగ్గర కూర్చునే టామ్సన్‌కి మనుషుల కంటే నిబంధనలంటే ప్రాణం. కోట్లు బయట, సంచులు బయట, తడి గొడుగులు మరీ బయట. మార్సలీ మెట్లు దిగి వచ్చేసరికే అక్కడ గొడవ మొదలైంది.

నల్లకోటు, నల్లటోపీ పెట్టుకున్న ఒక పొట్టి ముసలామె, ఆమె మోచెయ్యి పట్టుకుని యాభై ఏళ్ల మేనకోడలు. ముసలామె చేతిసంచీని రెండు చేతులా పొట్టకి అదుముకుని ఉంది.

"సంచీ నాతోనే ఉంటుంది," అంటోంది.

"రూలు అమ్మా. లోపలికి సిరా కలాలు కూడా తీసుకెళ్లనివ్వం. మీ దగ్గర కలాలేమైనా ఉన్నాయా?"

"నాకు కళ్లే లేవు నాయనా, కలం ఏం చేసుకోను?"

మార్సలీ మెట్టు మీదే ఆగిపోయింది. అప్పుడు చూసింది ఆ కళ్లని. పాలు కలిసిన నీళ్లలా ఉన్నాయి. ఎదురుగా ఉన్న గోడని కూడా చూడటం లేదు.

గ్రీర్ పరిగెత్తుకొచ్చాడు. "మిస్ మెకాస్కిల్! మీరు... నేను మీ ఇంటికొచ్చినప్పుడు మీరే టీ పోసిచ్చారు. ఒక్క చుక్క ఒలకలేదు!"

"నా ఇల్లు, నా కెటిల్. దానికి కళ్లెందుకు?"

"నాకు చెప్పలేదే మీరు!"

"నువ్వు అడగలేదు. మొహం చూస్తే తెలుస్తుందనుకున్నా. చదువుకున్నవాడివి కదా," అంది ఎఫీ. మేనకోడలు రోనా నవ్వు ఆపుకుంది. "పద, పద. నా పిల్లలెక్కడున్నారో చూపించు. ఈ ద్వారపాలకుడికి చెప్పు, సంచీలో ఓట్ రొట్టె, చేతిరుమాలు తప్ప ఏమీ లేవని."

సంచీ లోపలికొచ్చింది.

కిటికీ పక్క బల్ల మీద టేప్ రికార్డర్ పెట్టి, మైకుని పుస్తకాల మీద ఎత్తుగా నిలిపాడు గ్రీర్. రీళ్లు తిరగడం మొదలైంది. ఎఫీ కోటు విప్పలేదు. టోపీ తీయలేదు. రెండు చేతులూ బల్ల మీద వెల్లకిలా చాపి కూర్చుంది, ఎవరో పసిబిడ్డను అందించబోతున్నట్టు.

మార్సలీ మొదటి ఉత్తరాన్ని అట్ట మీద పెట్టి ఆ చేతుల ముందు ఉంచింది. "ఇదుగోనండీ."

"నీ పేరేంటి పిల్లా?"

"మార్సలీ అండీ."

"మా దీవి పేరే! మరి మా దీవి భాష రాదా?"

"మా అమ్మమ్మకి వచ్చేది. నాకు రాదండీ."

"పేరు మిగిలిందిలే," అంది ఎఫీ. ఆమె వేళ్లు కాగితం అంచుని పట్టుకున్నాయి. మూల దగ్గర మొదలుపెట్టి లోపలికి నడిచాయి, వెనక్కి వచ్చాయి, మళ్లీ వెళ్లాయి. కాగితాన్ని ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. దించింది.

"ఇదేమిటి?"

"మీ అన్నయ్య ఉత్తరం అండీ."

"కాదు. ఇంకోటియ్యి."

మార్సలీ ఇంకోటి ఇచ్చింది. ఎఫీ వేళ్లు అదే దారిన వెళ్లి అదే దారిన వచ్చాయి. ఇంకోటి. ఆ తర్వాత ఇంకోటి. రీళ్లు తిరుగుతూనే ఉన్నాయి, వాటి మీదకి కాగితం చప్పుడు తప్ప ఏమీ ఎక్కడం లేదు.

"ఒకే కాగితాన్ని తిప్పి తిప్పి ఇస్తున్నావా ఏమిటి?" అంది ఎఫీ. గొంతులో వేళాకోళం ఉంది గానీ వేళ్లు ఇంకా వెతుకుతూనే ఉన్నాయి. "అన్నీ ఒక్కటేనమ్మా. బంకమట్టి అలికినట్టు నున్నగా ఉన్నాయి. నావి ఏవి?"

గ్రీర్ గొంతు సవరించుకుని, కాగితాలు ఎంత చెడిపోయి వచ్చాయో, మార్సలీ ఎంత కష్టపడిందో చెప్పడం మొదలుపెట్టాడు. ఎఫీ చెయ్యెత్తి ఆపింది.

"కళ్లు పోయాక ఇవి నాకు ఇలా తెలిసేవి," అంది. బల్ల మీద వేలితో గీసి చూపించింది. "చిన్న చదరంగా నాలుగు మడతలుంటే ఓడ మీద నుంచి రాసింది, పొగాకు డబ్బాలో పట్టేట్టు మడిచేవాడు. పొడుగ్గా మూడు మడతలైతే హెరింగ్ చేపల రేవులో ఉన్నప్పటిది. ఒకదాని అంచు కాలి ఉంటుంది, అది అమ్మ చదివించుకుంటూ నిద్రలోకి జారి పొయ్యిలో పడేయబోయింది. ఒకటి నాన్న తలుపుకి మేకు కొట్టి పెట్టాడు, కొడుక్కి ఓడలో పెద్ద పనిచ్చారని ఊరందరికీ కనపడాలని. మడత పట్టుకుంటే మొదటి మాట వచ్చేది. మొదటి మాట వస్తే మిగిలినవి వాటంతటవే వచ్చేవి. మేకు చిల్లుది ఏది?"

మార్సలీ వెతికి ఇచ్చింది. ఎఫీ చూపుడువేలు పట్టుకుని ఆ చోట పెట్టింది. "ఇక్కడండీ."

వేలు అటు నడిచింది, ఇటు నడిచింది, గుండ్రంగా తిరిగింది.

"ఇక్కడా?"

"ఇక్కడేనండీ."

"ఏమీ లేదే."

రెండు రోజుల కిందట ఇదే చోట తన వేలికి ఏమీ తగలనందుకు మార్సలీ ఎంత గర్వపడింది!

"ఫొటోలు తీశాం," అన్నాడు గ్రీర్ ఉన్నట్టుండి. "విప్పకముందు, మడతలతో సహా, కట్ట మొత్తం..." అక్కడ ఆగిపోయాడు. మొహం తిప్పుకుని కిటికీలోంచి వానని చూశాడు.

రోనా ఇక ఊరుకోలేకపోయింది. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని, బాగు చేయమని ఇస్తే ఇదా చేసేది? ఒక్క ముక్క అడగొచ్చుగా! అరవై ఏళ్లు పొగలో ఉన్నా మాట్లాడాయి ఆవిడతో. మీ దగ్గర ఒక్క చలికాలం ఉండేసరికి మూగబోయాయి."

"నువ్వుండవే," అంది ఎఫీ. మార్సలీ వైపు తిరిగింది. "నువ్వేనా చేసింది?"

"నేనేనండీ."

"ఎంత కాలం పట్టింది?"

"శీతాకాలమంతా."

ఎఫీ మళ్లీ కాగితాన్ని తడిమింది, ఈసారి వెతకడానికి కాదు. "మంచి చెయ్యి," అంది. "మా ఊళ్లో ఎవరైనా పోతే ఒళ్లు కడిగి, కాళ్లూ చేతులూ సాపు చేసి, తెల్లబట్ట కప్పేది నేనే. ఎంతమందికి చేశానో లెక్కలేదు. ఇంత శుభ్రంగా నేనెప్పుడూ చేయలేదు."

ఆ మాటలో కోపం లేదు. ఉండి ఉంటే మార్సలీకి కొంచెం తేలికగా ఉండేది.

గ్రీర్ చివరి ప్రయత్నం చేశాడు. "పోనీ, చేతిలో కాగితం లేకుండా... మీకు గుర్తున్నది గుర్తున్నట్టు చెప్పండి."

"పాటలైతే దీవిలో ప్రతి కుర్రకుంకకీ వచ్చు, నేనెందుకు? ఉత్తరంలో మాటలు వేరు. ఇదుగో, సూదులిస్తే చీకట్లోనైనా మేజోడు అల్లేస్తాను. సూదులు లాక్కుని, మడమ దగ్గర ఎలా తిప్పుతావో చెప్పమంటే ఏం చెప్పను? చేతికి తెలుసు, నాకు తెలియదు."

గ్రీర్ మైకు వైపు చూసి, మెల్లగా మీట నొక్కాడు. రీళ్లు ఆగాయి.

*

ఆ మధ్యాహ్నం మార్సలీ మేకు చిల్లు ఉత్తరాన్ని మళ్లీ బల్ల మీదికి తెచ్చుకుంది. దీపాన్ని పక్కకి వంచి, వెలుతురు కాగితం మీద ఏటవాలుగా పడేట్టు పెట్టింది. అప్పుడు కనిపించాయి, పాత మడతల జాడలు. నెత్తి మీద పాపిడంత సన్నగా.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని ఆమెకీ తెలుసు. తెలిసే మొదలుపెట్టింది. జిలటిన్ పూతతో కాగితం బిగిసి ఉంది, వంచితే వంగడం లేదు. తడి అద్దుడు కాగితం మధ్య పెట్టి కొంచెం మెత్తబరిచింది. ఎముక బద్దని పాత గీత మీద ఆనించి, ఊపిరి బిగపట్టి మడిచింది. తను వేసిన అతుకు తన చేతుల్లోనే చిట్లిన చప్పుడు వినిపించింది. ఆగలేదు. రెండో మడత, మూడో మడత, నాలుగో మడత.

గ్రీర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "మడుస్తున్నావా?"

"అవునండీ."

"బాగు చేసిన కాగితాన్ని పాడు చేస్తున్నావు. ఇది నీ సొంతం కాదు, తెలుసా?"

"ఎవరి సొంతమో వాళ్లనీ అడగలేదు కదండీ మనం," అంది మార్సలీ, తల ఎత్తకుండా.

ఆమె అతనితో ఎప్పుడూ అలా మాట్లాడలేదు. అతను తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

శుక్రవారం రైలుకి ముందు ఎఫీ మళ్లీ వచ్చింది. సెలవు తీసుకోకుండా వెళ్లడం మర్యాద కాదందట. టామ్సన్ లేచి నిలబడి తలుపు తీశాడు, సంచీ గురించి అడగలేదు. గ్రీర్ ఆశ చావక రికార్డర్ మళ్లీ పెట్టించాడు.

మార్సలీ ఆమె అరచేతిలో మడిచిన ఉత్తరం పెట్టింది. చదరంగా, చిన్నగా, పొగాకు డబ్బాలో పట్టేటంత.

ఎఫీ మొహం వెలిగింది. ముసలి బొటనవేలు మొదటి మడత కిందకి దూరింది. విప్పింది. రెండోది సగం విప్పి ఆగింది. వేళ్లు మడత వెంట ఒకసారి వెళ్లొచ్చాయి. మొహంలో వెలుగు తగ్గిపోయింది.

"ఇది నీ మడతమ్మా," అంది మృదువుగా.

"పాత గీతల మీదే మడిచానండీ. ఒక్క వెంట్రుకవాసి కూడా తప్పలేదు."

"గీత అదే తల్లీ. చెయ్యి వేరు. ఐవర్‌ది ఎడంచేతి వాటం. వాడి మడత ఎప్పుడూ ఒక పక్కకి వాలి ఉండేది, తాగినవాడి నడకలాగా. నువ్వు బడిపిల్లలా సూటిగా మడిచావు." మార్సలీ చెయ్యి వెతికి పట్టుకుంది. "నా కోసం మడిచావు చూడు, అది చాలు. ఏడవకు."

ఏడుస్తున్నట్టు ఆవిడకెలా తెలిసిందో మార్సలీకి అర్థం కాలేదు.

ఎఫీ సంచీ తెరిచింది. ఓట్ రొట్టె పొట్లం పక్కకి జరిపి, ముడివేసిన చేతిరుమాలు తీసి, పళ్లతో ముడి విప్పింది. గదంతా పీట్ పొగ వాసన వచ్చింది. మార్సలీకి ఆ వాసన తెలుసు. శీతాకాలమంతా తొట్టి తర్వాత తొట్టిగా ఆమె తూములో పారబోసింది దాన్నే.

"డబ్బా ఇచ్చిన రోజు ఇదొక్కటి ఇవ్వలేదు," అంది ఎఫీ.

గ్రీర్ చటుక్కున ముందుకి వంగాడు. మైకుని దగ్గరికి జరిపాడు. రీళ్లు తిరుగుతున్నాయి.

ఉత్తరం మసిబారి, గోధుమరంగు తిరిగి, మడతల దగ్గర చిరిగి ఉంది. ఎఫీ దాన్ని విప్పుతుంటే ఆ చేతుల్లో తడబాటు లేదు. వేళ్లు మడతల వెంట నడిచాయి, పెదవులు వాటి వెనకే కదిలాయి. ఒక చోట నవ్వింది. ఇంకో చోట నవ్వు పోయింది. కింది మూల దాకా వచ్చి అక్కడే చాలాసేపు ఉండిపోయింది. మిగతా ఉత్తరాల్లోంచి తను ఏం తీసేసిందో మార్సలీ ఇప్పుడు కళ్లారా చూసింది. ఇలాంటి మనిషి ముందు తను తెల్లకాగితాలు పేర్చింది.

"పైకి చెప్పండి మిస్ మెకాస్కిల్," అన్నాడు గ్రీర్ రహస్యంగా. "టేపు తిరుగుతోంది."

"తిరగనీ." ఎఫీ కాగితం కింది మూల ఎత్తి చూపించింది. గోరంత మేర లోపలికి మడిచి ఉంది. "మా దీవిలో ఉత్తరం ఒకరిది కాదు. వచ్చిందంటే ఊరంతా పొయ్యి చుట్టూ చేరేది, పైకి చదవాల్సిందే. అందుకని ఐవర్, నేనూ ఒక ఏర్పాటు చేసుకున్నాం. మూల మడిచి ఉంటే నా ఒక్కదానికే. పైకి చదవకూడదు. అమ్మకి కూడా తెలుసు, మూల చూసి నా చేతికిచ్చి పాలు పితకడానికి వెళ్లిపోయేది. వాడు పోయాడు, అమ్మ పోయింది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నీ పెట్టెకి చెప్తానా?"

గ్రీర్ కుర్చీలో వెనక్కి వాలాడు. వాళ్లకి దొరికిన ఒకే ఒక్క బతికున్న ఉత్తరం, చెప్పకూడని ఉత్తరం.

ఎఫీ దాన్ని మళ్లీ మడిచి, చేతిరుమాల్లో పెట్టకుండా, మార్సలీ వైపు చాపింది. "ఇదుగో పిల్లా. తీసుకో. దీన్నీ వాటిలాగే చెయ్యి."

మార్సలీ చేతులు వెనక్కి లాక్కుంది. "వద్దండీ! దీన్ని ముట్టుకోను. మడతలు మడతలుగానే ఉండేట్టు పెట్టె చేసి దాస్తాను. దుమ్ము కూడా దులపను."

"అలా దాస్తే ఏమవుతుంది? అన్నీ నున్నగా ఉండి ఇదొక్కటే మడిచి ఉంటే, వచ్చిన ప్రతివాడూ దీన్నే తీస్తాడు. ఈ మూల ఎందుకు మడిచారని అడుగుతాడు. ఈ పెద్దమనిషి రేపే ఇంకో నీలిదీపం కొంటాడు." రోనా ఉన్న వైపు తల తిప్పింది. "ఇంట్లో ఉంచితే, నేను పోయాక ఈ రోనా పొయ్యిలో వేస్తుంది, లేదా ఎవరిచేతనో చదివిస్తుంది."

"నేనా!" అంది రోనా.

"నువ్వే. చిన్నప్పుడు డబ్బాలో చెయ్యి పెట్టి దెబ్బలు తిన్నావు." మార్సలీ వైపు మళ్లీ చాపింది. "గుట్టు దాచుకోవడానికి మీ చోటుని మించింది లేదమ్మా. కడిగి, సాపు చేసి, అన్నల మధ్య తమ్ముడిలా పడుకోబెట్టు. ఏది ఏదో ఎవరికీ తెలియకూడదు. నీకు చేతనవును, నిన్న చూశానుగా."

"మూల కూడానా అండీ?"

"మూలే ముందు," అంది ఎఫీ.

*

వారం రోజులు ఆ ఉత్తరం సొరుగులోనే ఉంది. సొరుగు తీసినప్పుడల్లా పొగ వాసన వచ్చేది, మార్సలీ మళ్లీ మూసేసేది. మాటిచ్చినందుకు తనని తాను తిట్టుకుంది. ఆ రోజు అరచేయి చాపకుండా ఉంటే బాగుండేదనుకుంది. కానీ చాపింది, ఎఫీ దాన్ని అందులో పెట్టింది.

పై సోమవారం పొద్దున్నే జిగురు కాచుకుంది.

తొట్టిలో గోరువెచ్చని నీళ్లు పోసి, ఉత్తరాన్ని విప్పి, పలచటి గుడ్డ మీద పరిచి మెల్లగా దించింది. నీళ్లు టీ రంగు తిరిగాయి. వాసన ఒక్కసారిగా లేచి గదంతా నిండి, తర్వాత నిమ్మళించింది. తొట్టెడు నీళ్లూ పట్టుకుని మార్సలీ చాలాసేపు తూము దగ్గర నిలబడింది. పారబోయడానికి చెయ్యి రాలేదు. ఉంచుకుని మాత్రం ఏం చేస్తుంది? పారబోసింది.

మూల మడత విప్పితే ఆ గోరంత ముక్క దాదాపు ఊడి చేతిలోకి వచ్చింది. కాగితం ఆ గీత వెంట పూర్తిగా తెగిపోయింది. ముక్కని దాని చోట ఆనించి, జపాన్ కాగితం సన్నగా చింపి, పీచు పీచులో కలిసేట్టు కుంచె కొసతో అద్దింది. అంత జాగ్రత్తగా ఆమె ఎప్పుడూ ఏ అతుకూ వేయలేదు. అద్దుడు కాగితం వేసి, ఎముక బద్దతో రుద్ది, దిమ్మ పెట్టింది. ఆ రోజు టీకి వెళ్లలేదు.

ఆరాక దిమ్మ తీసింది. కళ్లు మూసుకుంది. మూల మీద చూపుడువేలు నడిపింది, ఏదైనా తగిలితే బాగుండునని ఆశపడుతూ. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ నడిపింది. బాక్‌స్టర్ బతికి ఉంటే మెచ్చుకునేవాడు. ఆయన్ని తలుచుకుంటే మొదటిసారి కోపం వచ్చింది. పనిని ఆమె ప్రాణంగా ప్రేమించింది, ఆ పనే ఒక ముసలామె చేతుల్లోంచి ఆమె అన్నని లాక్కుంది. ఈ ఒక్కసారి మాత్రం అదే పని ఎఫీకి కావలసింది చేసింది. ఆ రెండిటినీ కలిపి చూసుకుంటే మార్సలీకి ఏడుపు తప్ప ఇంకేమీ రాలేదు.

సాయంత్రం గ్రీర్ వచ్చాడు. తలుపు తట్టి వచ్చాడు. దొంతర ముందు నిలబడి పైనుంచి ఒక్కొక్కటే ఎత్తి చూశాడు, వెలుతురుకి అడ్డంగా పట్టుకున్నాడు, దించాడు.

"ఆవిడ చివర్లో ఇచ్చింది ఇందులో ఏది మార్సలీ?"

మార్సలీ కుంచె కడుక్కుంటోంది. వెనక్కి తిరగలేదు.

"అన్నీ ఒకేలా ఉన్నాయి కదండీ," అంది.